పట్టా విలువ ఎంత? అప్పు బరువు ఎంత?

(ఇంటర్మీడియట్, డిగ్రీ పూర్తిచేసిన విద్యార్థుల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





పరీక్షా ఫలితాలు వెలువడిన నాటి నుండి మన ఇళ్ళలో ఒకే చర్చ నడుస్తున్నది: ఇక ఏం చదివించాలి? ఒక తరం క్రితం ఈ ప్రశ్నకు సమాధానాలు కొన్నే ఉండేవి. డాక్టరు, ఇంజనీరు, టీచరు. వాటికి స్తోమత లేకుంటే దుకాణమో, మెకానిక్ షెడ్డో, గల్ఫ్ వీసానో. నేడు మన పిల్లలు కొత్త పేర్లు చెబుతున్నారు. జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్, అడ్వర్టైజింగ్, డిజిటల్ మీడియా. ముఖ్యంగా మన ఆడపిల్లలు ఈ చదువుల పట్ల ఆసక్తి చూపుతున్నారు. ఇది సంతోషించదగిన పరిణామం. మన గురించి ఇతరులు రాయగా మనం చదువుకోవడమే ఇన్నాళ్ళూ జరిగింది. మన మాట మనమే రాయాలన్న కోరిక పిల్లల్లో కలగడం మంచిదే.

అయితే ఈ కోరిక వెంట ఒక కాగితం కూడా మన ఇంటికి వస్తున్నది. అది విద్యా రుణ దరఖాస్తు. ప్రైవేటు విశ్వవిద్యాలయాల వర్ణచిత్రాల పుస్తకాలలో స్టూడియోలు, కెమెరాలు, నవ్వుతున్న విద్యార్థులు కనిపిస్తారు. చివరి పుటలో ఫీజుల పట్టిక ఉంటుంది. దాని పక్కనే, బ్యాంకు రుణం మేమే ఇప్పిస్తామన్న హామీ ఉంటుంది. ఆ హామీని నమ్మి సంతకం చేసే ముందు ఒక లెక్క వేయాలని మనవి చేయడానికే నేను మీ ముందు నిలబడ్డాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. నాకు వాక్చాతుర్యం తక్కువ, పద్దులు చూడడం అలవాటు. కనుక పద్దు భాషలోనే మాట్లాడతాను.

మొదట ఒక విషయం స్పష్టం చేస్తాను. అప్పుకు భయపడి పిల్లల చదువు మాన్పించమని చెప్పడానికి నేను రాలేదు. 2006లో సచార్ కమిటీ మన స్థితిని దేశం ముందుంచింది. పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదివే 25 మందిలో ఒక్కరు, పీజీ చదివే 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలని ఆ నివేదిక తేల్చింది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో మనం 14 శాతానికి పైగా ఉన్నాం. 2020-21 సంవత్సరపు అఖిల భారత ఉన్నత విద్యా సర్వేలో మన విద్యార్థుల వాటా 5 శాతం కూడా లేదు. అంతకు ముందటి ఏడాది కన్నా ఆ ఏడాది మన విద్యార్థుల సంఖ్య తగ్గింది కూడా. ఇటువంటి సమాజంలో చదువు మానండి అని చెప్పేవాడు హితుడు కాడు. చదువు సాగాలి, ఆ చదువు మన బిడ్డను పదిహేనేళ్ళు కట్టిపడవేసే గొలుసు కాకూడదు. నా మాట ఇంతే.

ఇప్పుడు లెక్కకు వద్దాం. మూడేళ్ళ మాస్ కమ్యూనికేషన్ డిగ్రీకి ఏడాదికి 2 లక్షల 50 వేల రూపాయల ఫీజు అనుకుందాం. ఇది ఉదాహరణ మాత్రమే. మీరు చేరదలచిన చోటి అసలు అంకెను ఈ స్థానంలో వేసుకోండి. మూడేళ్ళకు 7 లక్షల 50 వేలు అప్పు తీసుకున్నాం. హాస్టలు, భోజనం, ప్రయాణ ఖర్చులు తండ్రి భరిస్తున్నాడు. వడ్డీ ఏడాదికి పదిన్నర శాతం అనుకుందాం. బ్యాంకులు సాధారణంగా చదువుకునే కాలంలోను, ఆ తరువాత ఒక ఏడాదిపాటు వాయిదాలు అడగవు. దీన్ని చాలామంది తల్లిదండ్రులు వడ్డీ లేని కాలమని అనుకుంటారు. అది నిజం కాదు. వాయిదా ఆగుతుంది, వడ్డీ ఆగదు. మొదటి ఏడాది తీసుకున్న 2 లక్షల 50 వేల మీద నాలుగేళ్ళు, రెండో ఏడాది మొత్తం మీద మూడేళ్ళు, మూడో ఏడాది మొత్తం మీద రెండేళ్ళు సాధారణ వడ్డీ నడుస్తుంది. ఆ వడ్డీయే 2 లక్షల 36 వేల 250 రూపాయలు. అంటే బిడ్డ మొదటి వాయిదా కట్టవలసిన రోజుకే ఏడున్నర లక్షల అప్పు 9 లక్షల 86 వేలు అయి కూర్చుంటుంది.

ఈ మొత్తాన్ని పదేళ్ళలో తీర్చాలంటే నెలకు దాదాపు 13,300 రూపాయలు కట్టాలి. పదేళ్ళలో కట్టేది సుమారు 16 లక్షలు. నెలవారీ భారం తగ్గించుకుందామని పదిహేనేళ్ళ గడువు కోరితే వాయిదా 10,900కు తగ్గుతుంది గాని, కట్టే మొత్తం 19 లక్షల 60 వేలు దాటుతుంది. గడువు పెరిగినంత మాత్రాన అప్పు తేలిక కాదు, దీర్ఘమవుతుంది. ఇరవై రెండేళ్ళ వయసులో వాయిదాలు మొదలుపెట్టిన బిడ్డ ముప్పై ఏడేళ్ళ దాకా ఆ బ్యాంకుకు బాకీ ఉంటాడు.

త్రాసులో ఒక వైపు ఇది. రెండవ వైపు ఏముంది? బిడ్డ మొదటి జీతం. మీరు విచారించగా ఒక టీవీ ఛానెల్ డెస్కులోనో, వెబ్‌సైటులోనో మొదటి జీతం 20,000 అని తెలిసిందనుకోండి. అందులో 13,300 బ్యాంకుకు పోతే మిగిలేది 6,700. హైదరాబాదులోనో విజయవాడలోనో గది అద్దె, భోజనం, బస్సు ఛార్జీలు ఆ 6,700లో వెళ్ళవు. అప్పుడు ఆ బిడ్డ జీతం ఇంటికి పంపడం మాట అటుంచి, ఇంటి నుండే బిడ్డకు డబ్బు పంపవలసి వస్తుంది. ఉద్యోగం వచ్చిందని మిఠాయిలు పంచిన ఇల్లు మరుసటి నెలే ఖర్చులు తగ్గించుకోవలసి వస్తుంది.

నెలసరి వాయిదా చేతికి వచ్చే జీతంలో అయిదో వంతుకు మించరాదన్నది నేను పాటించమని కోరే కొలత. 20,000 జీతానికి 4,000 వాయిదా. ఇదే వడ్డీతో, ఇదే పదేళ్ళ గడువుతో వెనక్కి లెక్కగడితే చదువు మొత్తానికి తీసుకోదగిన అప్పు సుమారు 2 లక్షల 25 వేలు. అంటే పదకొండు నెలల జీతం. కాగితం, కలం లేకున్నా గుర్తుంచుకోవడానికి వీలుగా చెబుతాను: చదువు కోసం తీసుకునే అప్పు మొత్తం, ఆ చదువుతో వచ్చే మొదటి ఏడాది జీతాన్ని మించకూడదు. అయిదేళ్ళ తరువాత రావచ్చునని ఆశపడే జీతంతో కొలవకూడదు. ప్రకటన పుస్తకంలో బొమ్మ వేసిన విద్యార్థి జీతంతో అసలే కొలవకూడదు. బ్యాంకు వాయిదా మొదటి జీతం నుండే మొదలవుతుంది గనుక కొలత కూడా మొదటి జీతంతోనే.

ఈ జీతం సంగతి ఎలా తెలుసుకోవాలి? కళాశాలవారు రెండు అంకెలు చెబుతారు. ఒకటి అత్యధిక ప్యాకేజీ, రెండవది సగటు ప్యాకేజీ. రెండూ మనకు పనికిరావు. పదిమంది విద్యార్థులలో తొమ్మిదిమందికి నెలకు 18,000, ఒకరికి లక్ష రూపాయలు వచ్చిందనుకోండి. అత్యధికం లక్ష. సగటు 26,200. కాని ఆ 26,200 జీతం పదిమందిలో ఒక్కరికీ రాలేదు! అందరినీ జీతాల వరుసలో నిలబెట్టి, సరిగ్గా నడుమ ఉన్నవాడి జీతం చూడాలి. లెక్కల పుస్తకాలలో దీన్నే మధ్యగతం అంటారు. ఈ ఉదాహరణలో అది 18,000. మన బిడ్డకు రాగల జీతానికి దగ్గరగా ఉండేది ఈ అంకె.

ఈ అంకె దొరకదని అనుకోకండి. కేంద్ర విద్యాశాఖ వారి జాతీయ ర్యాంకింగుల వ్యవస్థ, అంటే ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు దరఖాస్తు చేసే ప్రతి సంస్థా ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో ఉత్తీర్ణులయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, వారి మధ్యగత జీతం ఎంత అనే వివరాలు సమర్పించాలి. ఆ పత్రాన్ని సంస్థ వెబ్‌సైటులో చూడవచ్చు. అందులో ఒక పరిమితి ఉంది. మూడేళ్ళ డిగ్రీలన్నిటికీ కలిపి ఒక అంకె, రెండేళ్ళ పీజీలన్నిటికీ కలిపి ఒక అంకె ఇస్తారు. మాస్ కమ్యూనికేషన్‌కు విడిగా ఇవ్వరు. కనుక ఆ పత్రం చూసిన తరువాత, ఆ శాఖలో రెండేళ్ళ క్రితం ఉత్తీర్ణులైన వారిలో కనీసం ఐదుగురిని స్వయంగా అడగాలి. కళాశాలవారు పరిచయం చేసినవారిని కాదు, మనం వెదికి పట్టుకున్నవారిని. ఏం పని చేస్తున్నావు బాబూ, మొదటి జీతం ఎంత, అప్పు ఎంత మిగిలింది అని అడగడానికి మొహమాటపడవద్దు. పెళ్ళి సంబంధానికి పది ఇళ్ళు విచారిస్తాం, లక్షల అప్పుకు ఐదుగురిని విచారించలేమా?

అమెరికాలో ఈ సమాచారాన్ని ప్రభుత్వమే ప్రజల ముందు పెడుతుంది. కాలేజీ స్కోర్‌కార్డు అనే వెబ్‌సైటులో ఏ విశ్వవిద్యాలయంలో ఏ కోర్సు చదివినవారికి ఎంత ఆదాయం, ఎంత అప్పు అన్నది చూడవచ్చు. లాభాపేక్షతో నడిచే సంస్థల కోర్సులను తూచడానికి ఆ ప్రభుత్వం రూపొందించిన నిబంధనలలో, వార్షిక వాయిదాలు వార్షిక ఆదాయంలో 8 శాతానికి మించరాదన్నది ఒక కొలత. నేను చెప్పిన అయిదో వంతు దానికంటే ఎంతో ఉదారమైనది. మన దేశంలో కూడా కోర్సువారీగా ఆదాయాన్ని, అప్పును ప్రకటించే ఏర్పాటు కావాలని మన సంఘాలు కోరవలసి ఉంది. ఇది కూడా హక్కుల ప్రశ్నే.

అమెరికా ప్రస్తావన వచ్చింది గనుక అక్కడికి పంపదలచిన తల్లిదండ్రులకు ఒక మాట. కంప్యూటర్ చదువుకు వెళ్ళిన పిల్లలను చూసి జర్నలిజం చదువుకు కూడా అదే లెక్క వేయకండి. చదువు ముగిశాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి ఏ కోర్సుకైనా 12 నెలలే. సైన్సు, ఇంజనీరింగు, గణిత విభాగాలవారికి మరో 24 నెలలు పొడిగింపు ఉంది. జర్నలిజం, కమ్యూనికేషన్ కోర్సులకు సాధారణంగా ఆ పొడిగింపు వర్తించదు. మూడేళ్ళు డాలర్లలో సంపాదించి తీర్చే అప్పు వేరు, ఒక్క ఏడాదిలో తీర్చవలసిన అప్పు వేరు. మైనారిటీ విద్యార్థుల విదేశీ విద్యా రుణాలకు వడ్డీ రాయితీ ఇచ్చిన కేంద్ర పథకం 'పఢో పర్‌దేశ్' 2022-23 నుండి నిలిచిపోయింది. దాన్ని లెక్కలో వేసుకుని ఎవరైనా ఏజెంటు ఆశ చూపితే నమ్మకండి. తెలంగాణలో మైనారిటీలకు ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం కింద 20 లక్షల వరకు సాయం ఉంది. మీ కోర్సు ఆ జాబితాలోకి వస్తుందో లేదో ముందుగా జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో నిర్ధారించుకోండి.

సోదరులారా, ఇది డబ్బు లెక్క మాత్రమే కాదు. ఈ చదువుకు ఒక ప్రత్యేకత ఉంది. పత్రికా రచన స్వేచ్ఛ మీద ఆధారపడిన వృత్తి. నాకు తెలిసిన ఒక యువకుని సంగతి చెబుతాను. తండ్రిది టైర్ల పంక్చరు దుకాణం. పెద్ద నగరంలోని ఒక ప్రైవేటు సంస్థలో అప్పు మీద చదివి, ఒక ఛానెల్ డెస్కులో చేరాడు. ఒక పట్టణంలో ఖబ్రస్తాన్ స్థలం ఆక్రమణకు గురైన విషయమై వివరాలు సేకరించి కథనం సిద్ధం చేశాడు. అది ప్రసారం కాలేదు. కారణం కూడా ఎవరూ చెప్పలేదు. బయటకు వచ్చి ఒక చిన్న పత్రికలో చేరతానన్నాడు, వారు రమ్మన్నారు కూడా. కాని జీతం సగం. నేను ధైర్యం చెప్పబోతే అతడు నన్ను ఒకే ప్రశ్న అడిగాడు: "చాచా, అక్కడికి పోతే అయిదో తారీఖున కిస్తీ ఎవరు కడతారు?" నా వద్ద జవాబు లేదు. ఆ తరువాత అతడు వార్తల రంగాన్నే వదిలి ఒక బీమా కంపెనీలో చేరాడు. ఆ ఉద్యోగంలో తప్పేమీ లేదు, హలాల్ సంపాదనే. కాని మన మాట రాస్తాడని మనం చదివించిన బిడ్డను అప్పు మన నుండి తీసుకుపోయింది. అప్పు ఎంత తక్కువైతే కలం అంత స్వేచ్ఛగా ఉంటుంది. ఈ వృత్తికి అప్పు ఇతర వృత్తులకన్నా ఎక్కువ హాని చేయడానికి కారణం ఇదే.

మరి తక్కువ ఖర్చుతో ఈ చదువు చదివే దారులు లేవా? ఉన్నాయి. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జర్నలిజం శాఖ 1954 నుండి నడుస్తున్నది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ శాఖ ఉంది. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమంలో జర్నలిజం చదవవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం, ఆడపిల్లలకు తిరుపతిలో శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఢిల్లీలో జామియా మిల్లియా ఇస్లామియాలో 1982లో నెలకొల్పిన మాస్ కమ్యూనికేషన్ పరిశోధన కేంద్రానికి దేశమంతటా పేరుంది. ఇంటివద్ద ఉండి చదవవలసినవారికి ఇగ్నో దూరవిద్యలో జర్నలిజం పీజీ డిప్లొమా ఉంది. ఈనాడు, సాక్షి వంటి దినపత్రికలు సొంత జర్నలిజం పాఠశాలలు నడుపుతూ, ప్రవేశ పరీక్ష ద్వారా ఎంపిక చేసినవారికి భృతి ఇచ్చి శిక్షణ ఇస్తూ వచ్చాయి. అటువంటి చోట ఎన్నేళ్ళు అక్కడే పనిచేయాలన్న ఒప్పందం ఉంటే దాన్ని చదివి సంతకం చేయాలి.

కనుక నా సలహా ఇది. డిగ్రీని సొంత ఊరిలో, ప్రభుత్వ కళాశాలలో, ఫీజు రీయింబర్స్‌మెంటు మీద చదివించండి. బి.ఎ. కావచ్చు, బి.కామ్. కావచ్చు. ఆ మూడేళ్ళలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటా తప్పులు లేకుండా రాయడం నేర్పించండి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మన పిల్లలకు అల్లాహ్ ఇచ్చిన వరం ఇది. అనువాదం, ప్రకటనలు, వార్తలు, ఉపశీర్షికలు అన్నిటా రెండు మూడు భాషలు వచ్చినవారికి పని దొరుకుతుంది. తరువాత రెండేళ్ళ పీజీకి ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో సీటు కోసం పోటీపడాలి. తెలంగాణలో సీపీజెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు చాలావరకు సీయూఈటీ. ఈ దారిలో పోతే అప్పు మొదటి ఏడాది జీతం లోపలే ఉంటుంది. చాలామందికి అప్పే అవసరం ఉండకపోవచ్చు.

ధ్రువపత్రాల విషయం ఒకటి చెప్పకుండా ఉండలేను. 2007 చట్టం ద్వారా మనలోని వెనుకబడిన వర్గాలకు లభించిన 4 శాతం బీసీ-ఇ రిజర్వేషను రాష్ట్ర సంస్థలకు సంబంధించినది. కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో కేంద్ర ఓబీసీ జాబితాయే ప్రమాణం. మీ వర్గం పేరు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. లేకపోయినట్లయితే, ఆదాయ, ఆస్తి పరిమితులకు లోబడి ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రానికి దరఖాస్తు చేయండి. తహసీల్దారు కార్యాలయం నుండి ఆ పత్రం సకాలంలో రాక సీటు పోగొట్టుకున్న పిల్లలున్నారు. ప్రవేశ ప్రకటన వచ్చేదాకా ఆగక ఇప్పుడే మొదలుపెట్టండి.

చదువు పూర్తయిన తరువాత కూడా వార్తా సంస్థ ఒక్కటే గమ్యం కాదు. సమాచార పౌరసంబంధాల శాఖలో ఉద్యోగాలుంటాయి. యూపీఎస్సీ ద్వారా భారత సమాచార సర్వీసు ఉంది. మాస్ కమ్యూనికేషన్‌లో యూజీసీ నెట్ ఉత్తీర్ణులైతే అధ్యాపక వృత్తికి దారి ఏర్పడుతుంది. ఆసుపత్రులకు, బ్యాంకులకు, స్వచ్ఛంద సంస్థలకు కూడా ప్రచార విభాగాలున్నాయి. అయితే వీటిలో ఏదీ పట్టా చూపగానే దక్కదు. వార్తాపత్రికలకోసం 1955లో వచ్చిన శ్రమజీవి పాత్రికేయుల చట్టం, దాని కింద 2011లో ప్రకటించిన మజీఠియా వేతన సంఘం సిఫారసులు టీవీ ఛానెళ్ళకు వర్తించలేదు. పత్రికలలోనైనా వాటి అమలుకోసం ఉద్యోగులు సుప్రీంకోర్టుదాకా వెళ్ళవలసి వచ్చింది. కాబట్టి చట్టం ప్రకారం ఇంత జీతం రావాలి అన్న లెక్క మీద కూడా అప్పు చేయకూడదు.

అన్నీ చూసుకున్నాక కూడా అప్పు తప్పనిసరి అయితే ఏం చేయాలి? కొన్ని విషయాలు గుర్తుంచుకోండి. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం 4 లక్షల వరకు తల్లి లేదా తండ్రి సహ రుణగ్రహీతగా ఉంటే చాలు, ఆస్తి తాకట్టు అక్కరలేదు. ఏడున్నర లక్షల వరకు కేంద్ర ప్రభుత్వ రుణ హామీ నిధి ఉంది. అయితే ఆ హామీ బ్యాంకుకే గాని మనకు కాదు. బిడ్డ కట్టలేకపోతే నిధి బ్యాంకు నష్టంలో ఎక్కువ భాగాన్ని భరిస్తుంది, బాకీ మాత్రం మన పేరునే ఉంటుంది. సహ రుణగ్రహీత అయిన తండ్రి సిబిల్ స్కోరు కూడా పడిపోతుంది. ఆ తరువాత దుకాణానికి రుణం రాదు, రెండో బిడ్డ చదువుకు రుణం రాదు. ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా ఇంటి కాగితాలు అడుగుతారు. తలదాచుకునే ఇంటి కాగితాలను మాస్ కమ్యూనికేషన్ డిగ్రీ కోసం బ్యాంకు బీరువాలో పెట్టవద్దని చేతులు జోడించి కోరుతున్నాను.

2024 నవంబరులో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, కుటుంబ వార్షికాదాయం 8 లక్షలలోపు ఉన్నవారికి 10 లక్షల వరకు రుణంపై, వాయిదాలు మొదలయ్యేదాకా 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. అది ఎంపిక చేసిన సంస్థలకే వర్తిస్తుంది, జాబితా మొదట్లో 860. మీ సంస్థ ఆ జాబితాలో ఉందా అని అడగండి. జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ విద్యా రుణాలు తక్కువ వడ్డీకి రాష్ట్ర మైనారిటీ ఆర్థిక సంస్థల ద్వారా ఇస్తారు. జిల్లా కార్యాలయానికి వెళ్ళి దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని దరఖాస్తు దరఖాస్తు కాదు. ఇది నా ఉద్యోగ జీవితం నేర్పిన పాఠం.

బ్యాంకు మేనేజరు "మీ బస్తీ మా పరిధిలో లేదు" అని పంపించివేస్తే తలవంచుకుని తిరిగి రావద్దు. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను ప్రతికూల ప్రాంతాలుగా గుర్తించి రుణాలు ఇవ్వడం లేదని సచార్ నివేదికే నమోదు చేసింది. నివాసం తమ శాఖ పరిధిలో లేదన్న కారణంతో విద్యా రుణం నిరాకరించవద్దని రిజర్వు బ్యాంకు స్పష్టంగా ఆదేశించింది. తిరస్కరించాలంటే పై అధికారి సమ్మతి ఉండాలని నమూనా పథకం చెబుతున్నది. కారణం రాతపూర్వకంగా ఇవ్వమని మర్యాదగా, గట్టిగా అడగండి. అప్పు తీసుకోవాలా వద్దా అన్న నిర్ణయం మనది కావాలి. మన పేరు చూసి, మన వీధి చూసి మరొకరు చేసే నిర్ణయం కాకూడదు.

ఇక వడ్డీ సంగతి. బఖరా సూరాలో వడ్డీ విషయమై ఉన్న హెచ్చరిక మనందరికీ తెలుసు. విద్యా రుణం గురించి ఫత్వా ఇచ్చే అర్హత నాకు లేదు. మీరు నమ్మే ముఫ్తీ సాహెబును అడగండి, మీ పరిస్థితి పూర్తిగా చెప్పి అడగండి. కాని ఒక మాట చెప్పక తప్పదు. కూతురి చదువుకు రుణం అనగానే వడ్డీ హరామ్ అని గుర్తుచేసే ఇళ్ళు, అదే కూతురి పెళ్ళి విందుకు బంగారం తాకట్టు పెట్టి వడ్డీకి తేవడం నేను చూస్తూనే ఉన్నాను. హరామ్ అయితే రెండు చోట్లా హరామే. పెళ్ళి ఖర్చును సగానికి తగ్గిస్తే ఒక ఆడపిల్ల పీజీ చదువు అప్పు లేకుండా పూర్తవుతుంది. అప్పుతో చదివిన ఆడపిల్ల మీద మరొక భారం కూడా ఉంది. పెళ్ళి తరువాత ఆ వాయిదా ఎవరు కట్టాలన్న వివాదం అత్తవారింట్లో మొదలవుతుంది. ఉద్యోగం మానెయ్యి అన్నా మానలేదు, చెయ్యమన్నా తన ఇష్టంతో చేయలేదు. ఆమెకు ఆ స్థితి కల్పించకూడదు.

అలాగైతే స్తోమత ఉన్నవారి పిల్లలే జర్నలిజం చదవాలా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. హైదరాబాదులో ఇమ్రోజ్ ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ తాను నమ్మిన మాట రాసినందుకు 1948 ఆగస్టులో ప్రాణాలు అర్పించాడు. 1949లో ఆబిద్ అలీఖాన్ స్థాపించిన సియాసత్ నేటికీ నడుస్తున్నది. కలం పట్టిన వారసత్వం మనకుంది. అది తెగిపోకూడదు. కాని మనకు అవసరమైన పాత్రికేయుణ్ణి తయారుచేసే ఖర్చంతా ఇరవై ఏళ్ళ బిడ్డ నెత్తిన పెట్టి, తరువాత మా మాట రాయలేదేమని నిలదీయడం న్యాయం కాదు. అవసరం సమాజానిది అయినప్పుడు భారం కూడా సమాజం పంచుకోవాలి.

అది అసాధ్యమా? మళ్ళీ పద్దుకే వస్తాను. ఒక మస్జిదు పరిధిలో వంద ఇళ్ళు నెలకు 200 రూపాయల చొప్పున ఇస్తే నెలకు 20,000, ఏడాదికి 2 లక్షల 40 వేలు. ఇందాక మనం లెక్కగట్టిన తీసుకోదగిన అప్పు 2 లక్షల 25 వేలు. అంటే వంద ఇళ్ళు కలిస్తే ఏడాదికి ఒక విద్యార్థికి వడ్డీ లేని ఖర్జె హసనా ఇవ్వవచ్చు. ఉద్యోగం వచ్చాక నెలకు 4,000 చొప్పున తిరిగి కడితే అయిదేళ్ళ లోపే తీరిపోతుంది. ఆ సొమ్ము మరొక విద్యార్థికి చేరుతుంది. బ్యాంకుకైతే అదే 4,000 పదేళ్ళు కట్టాలి. తేడా మీకే తెలుస్తున్నది.

అయితే ఇది మాటలతో నడవదు. అప్పును రాసిపెట్టుకోవాలని, సాక్షులుండాలని బఖరా సూరా 282వ ఆయతు విధించింది. కనుక ప్రతి రుణానికి పత్రం, ప్రతి రూపాయికి రసీదు, ఏడాదికొకసారి జుమా తరువాత లెక్కల ప్రకటన ఉండాలి. కష్టంలో ఉన్న రుణగ్రహీతకు గడువు ఇవ్వాలన్నది 280వ ఆయతు బోధన. ఉద్యోగం ఆలస్యమైతే గడువు పెంచుదాం, అవమానించవద్దు. అర్హులైన పేద విద్యార్థులకు జకాతు ఎంతవరకు వర్తిస్తుందో ఉలమాలను సంప్రదించి ఆ పద్దును విడిగా ఉంచుదాం. నిధి నడిపేవారు దాన్ని అమానతుగా భావించాలి. నమ్మకం పోతే రెండో ఏడాది ఒక్క ఇల్లూ ఇవ్వదు.

విద్యార్థులారా, మీకు చివరి మాట. మీరు చేరబోయే సంస్థ ఫీజు, వసతి ఖర్చు, కావలసిన అప్పు, వాయిదా, ఐదుగురిని అడిగి తెలుసుకున్న మొదటి జీతం, ఈ ఐదు అంకెలు ఒక తెల్లకాగితం మీద రాసి మీ అమ్మీ అబ్బాల ముందు పెట్టండి. మీ తండ్రి చదువుకోకపోయినా సరే, మీరే చదివి వినిపించండి. జీవితమంతా బేరసారాలు చేసినవాడికి లాభనష్టాలు మీకంటే బాగా తెలుసు. లెక్క కుదిరితే నిశ్చింతగా ముందుకు సాగండి. కుదరకపోతే కలను వదులుకోవద్దు, సంస్థను మార్చండి.

ఈ సమావేశం ముగిసిన తరువాత బయట బల్లవద్ద నేను కూర్చుంటాను. ఏ సంస్థ కాగితమైనా, ఏ బ్యాంకు కాగితమైనా తీసుకురండి, కలిసి లెక్క వేద్దాం. మస్జిదు నిధికి పేర్లు రాయదలచినవారికోసం అక్కడే ఒక రిజిస్టరు ఉంచాం. అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, అప్పుల భారం లేని జీవితాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.

వ ఆఖిరు దావానా అనిల్ హమ్దు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్. అస్సలాము అలైకుమ్.